టింగు మేస్త్రి కొట్టి చూడని బిట్టు

ఏదీ, ఆ డ్రిల్లు బిట్టు ఇలా ఇయ్యి. కాస్త పక్కకి జరగవే, వెలుతురుకి అడ్డంగా కూర్చున్నావు. ఊఁ... కాల్చి పారేశావు కదే! చూడు, కొన ఎలా నీలంగా మారిపోయిందో. దీంతో ఇనప పట్టీ తొలిచావు, అవునా? పొగ వచ్చిందా? వచ్చే ఉంటుంది. పొగొస్తే ఎవరైనా ఆపేస్తారు, నువ్వు ఇంకా బలంగా నొక్కి ఉంటావు. అంతా మీ అమ్మ పోలిక. నవ్వకు. అలమారకి గొళ్ళెం బిగించమంటే ఏ మనిషీ రాలేదు, సరే నేనే బిగించుకుంటానని మెషిను కొనుక్కున్నావు, అంతవరకూ బాగానే ఉంది. నాకు ముచ్చటేసింది కూడా. మన ఇంట్లో ఆడపిల్ల డ్రిల్లు పట్టుకుందంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరున్నారు చెప్పు? కానీ ఆ దుకాణంవాడు నీకేం చెప్పాడు? "అన్నిటికీ ఇదొక్కటి చాలు మేడమ్, చెక్కకీ ఇదే, ఇనుముకీ ఇదే" అన్నాడా? వాడి మొహం మండ. వాడికి అమ్ముడుపోతే చాలు. ఇది చెక్కకి తల్లీ. మామూలు కార్బన్ ఉక్కు. చవక, మంచి పదునుంటుంది, చెక్కలోకి హాయిగా దిగుతుంది. వేడి తగిలిందా, అందులో ఉన్న సత్తువంతా హరీమంటుంది. నీలంగా మారిందంటే ఇంక దాన్ని బిట్టు అనకు, మేకు అను. ఆ నీలం ఉన్నంత మేరా అరగదీసి పారెయ్యాల్సిందే.

లే, లేచి ఆ బీరువా మీద చెక్క దిమ్మె ఒకటుంటుంది, బెజ్జాలున్నది, తీసుకురా. దుమ్ముంటుంది, దులుపు. ఇక్కడ కాదే, నా మొహాన కాదు, బయట దులుపు! ఆఁ. అవును, బెజ్జాలన్నీ వంకరే. ఒకటి అటు పోతుంది, ఒకటి ఇటు పోతుంది. ఎందుకు వంకరో తరవాత చెప్తాలే, ముందు అందులో గుచ్చిన బిట్లు చూడు. వెనక వైపు కొసలు, తోకలు అనేవాళ్ళం మేము, ఆ తోకల మీద రంగు చుక్కలున్నాయి కదూ? తెలుపంటే చెక్కకి. నీలమంటే హైస్పీడు ఉక్కు, మామూలు ఇనుముకి. అది వేడెక్కినా పదును వదలదు. చెక్కకి వాడినా తప్పులేదు. ఎరుపంటే కోబాల్టు కలిసినది. స్టెయిన్‌లెస్ స్టీలు లాంటి మొండి సరుకుకి ఇది కావాలి. స్టెయిన్‌లెస్ ఉంది చూశావూ, దాని బుద్ధే వేరు. బిట్టు కొయ్యకుండా ఊరికే రాసుకుంటూ తిరిగిందనుకో, అది అలిగి మరింత గట్టిపడి కూర్చుంటుంది. నెమ్మదిగా తిప్పాలి, గట్టిగా నొక్కాలి, నూనె పోస్తూ ఉండాలి. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ కార్ఖానాలో, పనివాళ్ళకి సామాను ఇచ్చే టూల్సు కిటికీ వెనక కూర్చున్నానే నేను. వచ్చినవాడి చేతిలో కాగితం చూడకుండా, మొహం చూసి చెప్పేదాన్ని ఏ బిట్టు అడగబోతున్నాడో. పసుపా? పసుపు చుక్కది ఇందులో లేదు. పసుపుది నేను ఇంట్లో పెట్టుకోను.

ఇదంతా నాకెవరు నేర్పారంటావా? ఇంకెవరు, మీ తాతయ్య. మా బావ. నువ్వు పుట్టేసరికే పోయాడు, నీకేం తెలుసు ఆయన సంగతి. గోడ మీద నల్లకళ్ళద్దాల ఫొటో ఒకటి తెలుసు, అంతే. కార్ఖానాలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, టింగు మేస్త్రి అనేవాళ్ళు. ఎందుకంటే, కిటికీ దగ్గరకొచ్చి బిట్టు తీసుకున్నాక, అందరిలాగా జేబులో వేసుకుని పోడు. దాన్ని రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, కిటికీ చట్రానికి ఇనప రేకు ఉండేది, దాని మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు. టింగ్. చెవి పక్కకి పెట్టి వినేవాడు. ఆ మోత విని చెప్పేవాడు, ఇది కార్బనా, హైస్పీడా, కోబాల్టా, లోపల ఎక్కడైనా చీలిక ఉందా. ఒకసారి కళ్ళకి గుడ్డ కట్టి పరీక్ష పెట్టారు. పదకొండు బిట్లు కొట్టి పదకొండూ చెప్పేశాడు. మా ఫోర్‌మన్, దగ్గులాయన అనేవాళ్ళం, రెండు మాటలకొకసారి దగ్గేవాడు పాపం, ఆయన "నువ్వు... ఖ్హు... నువ్వు మనిషివి కాదయ్యా, నీ చెవులు కోసి... ఖ్హు... టూల్సు రూములో పెట్టాలి" అనేవాడు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

ఆగు, ఆగు. ఏమన్నావు? "బిట్ల గురించి అంత తెలిసిన తాతయ్య, తప్పు బిట్టు అడిగి తెచ్చుకుని కన్నెందుకు పోగొట్టుకున్నాడు?" అనా? మీ అమ్మ చెప్పిందా నీకు? ఊఁ. చెబుతుందిలే. మీ అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకి... సరే. కాసిని మంచినీళ్ళు ఇయ్యి. అక్కడే ఉంది కూజా. చాలు, చాలు.

ఇలా కూర్చో. తొందరేం లేదుగా? అలమారకి గొళ్ళెం రేపు పెట్టుకున్నా ఎవరూ ఎత్తుకుపోరు. నేను మీ అమ్మమ్మకి చెల్లెలినే గానీ, పెంచింది మాత్రం మీ తాతయ్యే అనుకో. మా నాన్న పోయాక మా అమ్మనీ నన్నూ తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఒక్క గది, ఒక వంటిల్లు. గదిలో మేం ఆడవాళ్ళం పడుకుంటే ఆయన వరండాలో పడుకునేవాడు, వానొస్తే వంటింట్లోకి చాప లాక్కునేవాడు. ఏనాడూ మొహం మాడ్చుకోలేదు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చుంటే, ఆ టూల్సు కిటికీలో ఉద్యోగం ఆయనే వేయించాడు. దగ్గులాయన చుట్టూ నెల్లాళ్ళు తిరిగాడు. "ఆడపిల్లకి ఇనప సామాను ఏం తెలుస్తుందయ్యా" అంటే, "నేను నేర్పుతాను, తప్పొస్తే నాది బాధ్యత" అన్నాడట. ఆ మాట గుర్తుపెట్టుకో. తప్పొస్తే నాది బాధ్యత. ఆ రంగు చుక్కల పద్ధతి కూడా ఆయన చెప్పిందే. బిట్లు తుప్పు పట్టకుండా మైనంలో ముంచి పెడతాం కదా, ముంచాక అన్నీ అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. అందుకని తోక మీద రంగు వెయ్యమన్నాడు. రంగు వెయ్యడం నా పని. నేనొక్కదాన్నే వేసేదాన్ని, ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. నాకదో గొప్ప.

అంత గొప్ప కాబట్టే ఆ టింగు నాకు నచ్చేది కాదు. మొదట్లో సరదాగా ఉండేది. తరవాత్తరవాత, ఎరుపు చుక్క వేసి నేనిచ్చిన బిట్టు ఆయన కొట్టి చూస్తుంటే ఒళ్ళు మండేది. ఒకరోజు పొద్దున వరసలో పదిమంది ఉన్నారు. ఆయన మామూలుగా టింగుమనిపించాడు. వెనక ఉన్న లేతు పనివాడొకడు, నోటి తీట వెధవ, "ఏమ్మా, మీ బావకే నీ మీద నమ్మకం లేదు, మేమెట్లా నమ్మాలి?" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం దగ్గర మొదలుపెట్టాను. "ఇంకోసారి నా కిటికీ దగ్గర ఆ టింగు వినిపించిందంటే నీతో మాట్లాడను బావా, అంత నమ్మకం లేకపోతే ఆ ఉద్యోగం ఎందుకు వేయించావు?" అని ఏడుపు. ఆయన చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "నిన్ను నమ్మక కాదే పిల్లా, ఉక్కుని నమ్మక" అన్నాడు. నేను వింటేగా. మా అక్క, అదే మీ అమ్మమ్మ, "పోనీ మానెయ్యండి, చిన్నపిల్ల అంత బాధపడుతుంటే ఏం పట్టుదల మీకు" అంది. "సరే" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి మానేశాడు. బిట్టు తీసుకోవడం, నా మొహం చూసి ఒక నవ్వు నవ్వడం, జేబులో వేసుకుని పోవడం. నేను గెలిచాననుకున్నాను. పాడు గెలుపు.

ఇంక పసుపు సంగతి. కొత్త మెషినొకటి వచ్చింది మా కార్ఖానాకి. పెద్దది, కదలదు మెదలదు, బిట్టుని పట్టి తిప్పే స్పిండిలులో వెంట్రుకవాసి ఊగుడుండదు. దానికోసం మూడు కార్బైడు బిట్లు తెప్పించారు. దూదిలో పెట్టి, చిన్న పెట్టెలో. కార్బైడంటే మిగతా వాటన్నిటికన్నా గట్టిది. ఎంత గట్టిదో అంత పెళుసు. కదలకుండా పట్టుకునే మెషినులో పెడితే దేన్నయినా కోసేస్తుంది, కాస్త ఊగే మెషినులో పెట్టావో, పుటుక్కున విరిగి ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు. దగ్గులాయన నాకు మూడుసార్లు చెప్పాడు, "వీటికి పసుపు... ఖ్హు... పసుపు చుక్క వెయ్యి, కొత్త మెషినుకి తప్ప ఎవడికీ ఇవ్వకు." అలాగే అన్నాను. శనివారం మధ్యాహ్నం. అప్పుడే కోబాల్టు బిట్లకి ఎరుపు వేసి ఆరబెట్టాను. ఎర్ర రంగు డబ్బా మూత తీసే ఉంది. పసుపు డబ్బా తీస్తే పైన తోలులాగా గట్టి పొర కట్టేసింది, ఎప్పుడూ వాడం కదా. అందులో కాస్త టర్పెంటైను పోసి పుల్లతో కలిపితే చాలు, మెత్తబడుతుంది. టర్పెంటైను సీసా ఎక్కడుంది? పై అరలో. స్టూలు వేసుకుని ఎక్కాలి. బద్ధకం. గంట కొట్టే వేళయింది, ఇంటికి పోయే తొందర. ఇప్పటికి ఎరుపే పెట్టి, సోమవారం రాగానే పైన పసుపు వేద్దాంలే, ఏది ఏదో నాకు తెలుసుగా, అనుకున్నాను. మూడింటికీ ఎర్ర చుక్క పెట్టి, మైనంలో ముంచి, ట్రేలో ఓ మూలకి పెట్టాను. అంతేనే తల్లీ. ఇంకేం లేదు. స్టూలు ఎక్కడానికి బద్ధకం, అంతే.

సోమవారం రాగానే వెయ్యలేదు. వచ్చేసరికి కిటికీ ముందు గుంపు. "అది ఇయ్యి, ఇది ఇయ్యి, తొందరగా." ట్రే అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను. ఇంక నాకేం గుర్తు? మీ తాతయ్య వచ్చాడు. ఆయన మెషినుకి మా అందరికంటే ఎక్కువ వయసు, స్పిండిలు ఊగుతుంది, ఆయన చేతి ఒడుపుతో నెట్టుకొస్తున్నాడు. "స్టెయిన్‌లెస్ పలకలు నలభై ఉన్నాయే పిల్లా, ఒక మంచి కోబాల్టు చూసి ఇయ్యి" అన్నాడు. మంచిది చూసి ఇయ్యి అన్నాడు. నేను ట్రేలో చెయ్యి పెట్టి ఎర్ర చుక్కది ఒకటి తీసి ఇచ్చాను. తీసుకున్నాడు. తీసుకుని, ఒక్క క్షణం ఆగాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. అరచేతిలో పెట్టుకుని కొంచెం ఇలా ఎగరేసినట్టు చేశాడు. కార్బైడు బరువెక్కువే. ముప్ఫై ఏళ్ళు బిట్లు పట్టిన చెయ్యి అది, తేడా తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. కిటికీ చట్రం వైపు చూశాడు, రేకు వైపు. తరవాత నా మొహం చూశాడు. వెనక ఆ లేతు పనివాడు కూడా ఉన్నాడు వరసలో. "ఏం బావా?" అన్నాను. అడిగిన తీరు బాగాలేదు, ముక్కుపుటాలు ఎగరేస్తూ అడిగాను. "ఏం లేదులే" అన్నాడు. జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

కొట్టి చూస్తే ఒక్క క్షణంలో తెలిసిపోయేది. నా పరువు పోతుందని కొట్టలేదు.

రెండో పలక మీద విరిగిందట. కళ్ళద్దాలు పెట్టుకోలేదా అంటావేమో, పెట్టుకున్నాడు. పెట్టుకోకుండా ఆయన మెషిను దగ్గరకి పోడు. పక్క సందులోంచి దూరింది ముక్క. కేక వినిపించింది. నాకెందుకో ఆ కేక వినగానే ట్రే వైపు చూడాలనిపించింది. చూశాను. ఆ మూల రెండే ఉన్నాయి. మూడు ఉండాలి. అందరూ పరిగెత్తారు, ఆయన్ని ఎత్తుకుని బండి ఎక్కించారు, నేను మాత్రం కిటికీ వెనక కూర్చునే ఉన్నాను. దగ్గులాయన వచ్చాడు, మెషినులోంచి తీసిన విరిగిన ముక్క, తోక ఉన్న ముక్క, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. నూనె, మైనం కలిసి ముద్దముద్దగా ఉంది, దాని మీద ఏ రంగుందో ఆయన చూడలేదు. "జాగ్రత్తగా ఉంచు, పెద్దాఫీసరు చూస్తాడు, నేను ఆసుపత్రికి పోతున్నా" అని వెళ్ళిపోయాడు. మా అక్క ఇంట్లోంచి పరిగెత్తుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది, చెప్పులు కూడా వేసుకోలేదు. మరి నేనేం చేశానో తెలుసా? స్టూలు వేసుకున్నాను. పై అరలోంచి టర్పెంటైను దింపాను. పసుపు డబ్బాలో పోసి పుల్లతో కలిపాను. రెండు నిమిషాలు పట్టింది. శనివారం నాకు తీరని ఆ రెండు నిమిషాల పని సోమవారం తీరింది. మిగిలిన రెండింటికీ పసుపు వేశాను. గుడ్డ విప్పి, ఆ విరిగిన తోక తుడిచి, దానికీ వేశాను. అటు ఆయన కంట్లోంచి ముక్క తీస్తున్నారు, ఇటు నేను రంగు వేస్తున్నాను. వింటున్నావా? అలా చూడకే నన్ను. చూడు, చూడు, పరవాలేదు.

పన్నెండు రోజులకి విచారణ పెట్టారు. బల్ల మీద తెల్లకాగితం, కాగితం మీద ఆ ముక్క. పెద్దాఫీసరు, దగ్గులాయన, నేను. మీ తాతయ్య కంటికి కట్టుతో వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆఫీసరు ముందు నన్ను అడిగాడు. "పసుపు చుక్కది పాత మెషినుకి ఇవ్వకూడదని తెలుసా?" తెలుసు సార్. "మరెలా ఇచ్చావు?" ఉద్యోగం పోతుంది, అమ్మ మందులు ఎలా, పెళ్ళి కావలసినదాన్ని, నలుగురూ ఏమంటారు, ఇవన్నీ ఒక్కసారే బుర్రలో తిరిగాయి. "ఆయనే అడిగారండి" అన్నాను. "పసుపుదే కావాలన్నారు. పెద్ద మేస్త్రి కదా అని ఇచ్చాను." ఆ మాట నా నోట్లోంచే వచ్చిందే. మీ తాతయ్య నన్ను చూడలేదు. బల్ల దగ్గరకొచ్చి ఆ ముక్క తీసుకున్నాడు. ఉన్న ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. నూనె మరక మీద వేసిన రంగు కదా, సరిగా అంటుకోలేదు, బొటనవేలి గోటితో ఇలా గీకాడు. పెచ్చు ఊడింది. కింద ఎరుపు కనిపించింది. నాకు కనిపించిందంటే ఆయనకీ కనిపించే ఉంటుంది. ఆఫీసరు కాగితాల్లో తల దూర్చి ఉన్నాడు. ఆయన గుప్పిట మూసేశాడు. "ఏమయ్యా, నువ్వే అడిగావా?" అన్నాడు ఆఫీసరు. "నేనే అడిగానండి. పసుపని తెలిసే తీసుకున్నాను. పని తొందరగా తెముల్తుందని ఆశపడ్డాను. ఆ అమ్మాయి తప్పేం లేదు" అన్నాడు. దగ్గులాయన దగ్గడం కూడా మర్చిపోయి నోరు తెరుచుకుని చూశాడు. టింగు మేస్త్రి ఊగే మెషినుకి కార్బైడు అడిగాడంటే నమ్మలేకపోయాడు. కానీ మనిషే ఒప్పుకుంటే ఇంకెవరేం చేస్తారు?

తెలిసి చేసిన తప్పని రాశారు. మెషిను మీంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు, వచ్చేపోయే బళ్ళకి గొలుసు ఎత్తడం, దించడం. ఆ చేతులు గొలుసు ఎత్తాయే! నేను రోజూ ఆ గేట్లోంచే లోపలికి వెళ్ళాలి. నేను వస్తుంటే అందరికీ ఎత్తినట్టే ఎత్తేవాడు. తల దించుకుని వెళ్ళేదాన్ని. ఇంట్లో మా అక్క ఊరుకుందా? దాని బాధ దానిది. "ఎవరు అడగమన్నారు మిమ్మల్ని? అంతా తెలుసన్న పొగరు కాకపోతే! అడిగి మరీ తెచ్చుకున్నారు కన్ను పోయే బిట్టు, అడిగి మరీ!" అని పొద్దున లేస్తే అదే పాట. ఆయన తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. నేను పక్కనే కూర్చుని అన్నం తినేదాన్ని. తిన్నానే, ఏళ్ళ తరబడి తిన్నాను. ఆయన పోయాక కొన్నాళ్ళకి అక్కా పోయింది, అదే నమ్మి పోయింది. ఆయన కన్ను పోయిన ఏడాది మీ అమ్మకి ఎనిమిదేళ్ళు. దానికి పెన్సిళ్ళు పెట్టుకోవడానికి ఒక దిమ్మె చేసిస్తానన్నాడు. చేత్తో తిప్పి తొలిచే బర్మాతో, తెల్ల చుక్క బిట్టుతో, మెత్తటి చెక్క. ఇంత సులువు పని ఇంకోటి లేదు. కానీ ఒక కన్నుతో చూస్తే లోతు తెలీదు, నిలువు తెలీదు. వరండాలో కూర్చుని ఒక పూటంతా చేశాడు. ఇదిగో, ఇదే. అన్నీ వంకర. మీ అమ్మ చూసి "ఛీ, వంకర, నాకొద్దు" అని విసిరేసింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు. ఆయన తీసి చూసుకుని, నవ్వి, పొయ్యి దగ్గర కట్టెల్లో పడేశాడు. నేను ఎవరూ చూడకుండా తీసి దాచుకున్నాను.

ఎప్పుడూ అడగలేదా, తిట్టలేదా అంటావు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఒక్కటి మాత్రం చేసేవాడు. విచారణ నుంచి ఇంటికొచ్చిన రోజు నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను, ఇత్తడి గ్లాసుతో. తీసుకుని, గోటితో గ్లాసు అంచు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. టింగ్. చెవి పక్కకి పెట్టి విన్నాడు. తరవాత తాగాడు. అలవాటుగా చేశాడేమో అనుకున్నాను. కాదు. అక్క ఇస్తే కొట్టడు, మీ అమ్మ ఇస్తే కొట్టడు. నేను ఏమిచ్చినా, గ్లాసిచ్చినా పళ్ళెమిచ్చినా, టింగ్. పద్నాలుగేళ్ళు. ఎవరూ పట్టించుకోలేదు, మేస్త్రి పాత అలవాటు అని నవ్వుకునేవాళ్ళు. నాకు తెలుసు, ఆయనకి తెలుసు. చివరి రోజున మంచం మీద ఉన్నాడు. నేను గ్లాసు అందించాను. వేలు లేచింది, అంచు దాకా వచ్చింది, కొట్టే ఓపిక లేక కింద పడిపోయింది. తాగలేదు. నా వైపు చూసి, ఇంత కొంచెం తల అడ్డంగా ఊపాడు. అక్క వచ్చి ఆ గ్లాసే నా చేతిలోంచి తీసుకుని పట్టిస్తే అప్పుడు తాగాడు.

ఏడవకే. నువ్వేం చేశావని ఏడుస్తావు. మీ అమ్మకి చెప్పాలా? చెప్పాలి. ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పటికీ ఎవరి నోట మీ తాతయ్య మాట వచ్చినా మీ అమ్మ ఆ ముక్కే అంటుంది, "అడిగి తెచ్చుకున్నాడు" అని. విన్నప్పుడల్లా చచ్చిపోవాలనిపిస్తుంది. కానీ నాకు మొగుడా, పిల్లలా? రెండు పూటలా అన్నం డబ్బా తెచ్చేది మీ అమ్మ, నా కాళ్ళకి మందు రాసేది మీ అమ్మ. పిన్నీ పిన్నీ అని నోరారా పిలుస్తుంది. ఈ మాట చెప్పాక మళ్ళీ ఈ గడప తొక్కుతుందా? తొక్కకపోతే మాత్రం ఏం, తొక్కకూడదు. నువ్వు చెప్పొద్దు, నేనే చెప్పాలి. ఇవాళే చెబుతాను, వచ్చే వేళయింది. నువ్వు ఇక్కడే ఉండు, నువ్వుంటే నాకు కాస్త ధైర్యం. ఒట్టు. ఇవాళ దాటనివ్వను.

ఇదిగో, ఈ నీలం చుక్కది తీసుకో, నీ ఇనప పట్టీకి. అయ్యో, అలా సంచిలో పడేసుకుంటావేంటే! కొట్టి చూడు. ఆ కిటికీ ఊచకి కొట్టి చూడు. నీకు తెలియకపోయినా సరే కొట్టు. నేనిచ్చింది ఏదీ కొట్టి చూడకుండా...

గేటు చప్పుడయింది. మీ అమ్మే. కళ్ళు తుడుచుకో. రావే, రా, ఎంత ఎండలో వచ్చావు. డబ్బా అక్కడ పెట్టు. ఏం లేదే, నీ కూతురు బిట్టు కాల్చుకుని వచ్చింది, ఏది చెక్కకో ఏది ఇనుముకో చెబుతున్నాను. ఏడ్చిందా? లేదే, దిమ్మె దులిపింది కదా, కంట్లో దుమ్ము పడింది. ఆఁ, మాటల్లో మీ నాన్న సంగతి వచ్చిందిలే. ఆఁ? ఏమన్నావు?

అవునే అమ్మాయ్. అవును, ఆయనే అడిగాడు. పసుపుదే ఇమ్మన్నాడు.

ఏమే, నువ్వెక్కడికి లేచావు? కూర్చో. బిట్టు ఇక్కడే వదిలేసి పోతున్నావేంటే?